జనార్ధనరావు మిషన్, మొగిలయ్య సంచి

నాచారంలో మూతపడ్డ జనార్ధనరావు గారి ఫ్యాక్టరీ షెడ్డునే ఆయన పేరిట మ్యూజియంగా మార్చారు. చేత్తో తిప్పి పల్లికాయ ఒలిచే మిషన్ కనిపెట్టి ఊరూరా పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ఆయన కళ్లజోడు, ఉత్తరాలు, గీసిన బొమ్మలు గోడల వెంట ఉంటాయి. నడుమ అద్దాల పెట్టెలో, ఆయన తన చేతులతో చేసిన మొదటి మిషన్. నేను టికెట్లు ఇస్తాను. మొగిలయ్య ఊడ్చి తుడుస్తాడు, పెట్టె తాళంచెవి అతని దగ్గరే. జనగామ వైపు నుంచి వచ్చి, ఇదే ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు లేత్ మీద ఇనుము తిప్పి మిషన్ భాగాలు చేశాడు.

నాకు అనుమానం ఎక్కువని ఇంట్లో అంటారు. ఎక్కువే. కానీ ప్రతి శనివారం బరువు సంచి మోసుకుంటూ వచ్చి, అంతే బరువుతో పోయే మనిషిని ఎవరు నమ్ముతారు?

"ఏంది మామా ఆ సంచిల?"

"సామాను, త్రివేణి బిడ్డా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒక శనివారం అద్దానికి ముఖం ఆనించి చూస్తే, మిషన్ రోలరు తళతళలాడుతోంది. యాభై ఏళ్ల ఇనుము అట్లా మెరుస్తుందా? అసలుది కాజేసి కొత్తది పెట్టాడు, దొంగ దొరికాడనుకుని, జనార్ధనరావు గారి కొడుకు విజయభాస్కర్ గారికి ఫోన్ చేశాను. హబ్సిగూడ నుంచి అరగంటలో వచ్చి సంచి గుమ్మరించమన్నారు. అరిగిన పాత రోలరు బయటపడింది.

"దొంగతనం గాదు సార్. అరిగిందని ఉప్పల్ల తెలిసినోళ్ల లేత్ మీద కొత్తది తిప్పి ఏసిన. మిషనన్నంక తిరగాలె గద."

"ఇంకేమేం మార్చినవ్?"

"రెండేండ్ల సంది ఒక్కొక్కటి. జల్లెడ, బేరింగులు, కాళ్లు..."

"పాతయి ఏడున్నయ్?"

"పాతినుప సామానోళ్లకు ఏసిన సార్. అరిగినయి ఎవలకు గావాలె?"

విజయభాస్కర్ గారి మొహం మాడిపోయింది. నాన్న చేసిన మిషన్ నాన్నది కాకుండా పోయింది. "రేపటి సంది రాకు" అన్నారు. నిజం చెబుతున్నాను, నాకు సంతోషమే అయింది.

మొగిలయ్య తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"తిప్పే పిడి జర పైలం సార్. కర్రది, గదొక్కటి మార్చలే. పెద్దసారు బొటనవేలు ఆని ఆని గుంట వడ్డది దానికి. గసొంటి గుంట నేను లేత్ మీద ఏడ తిప్పుత?"

విజయభాస్కర్ గారు పెట్టె తెరిచి పిడి పట్టుకున్నారు. ఆయన బొటనవేలు ఆ గుంటలో ఆగింది. చాలాసేపు తియ్యలేదు. కళ్లు నిండాయి. ఫోన్ చేసినందుకు నాకు సిగ్గేసింది.

ఆయన తాళంచెవి తీసి మొగిలయ్య చేతిలో పెట్టారు.

"ఇంకేం మార్చకే మొగిలన్నా" అన్నారు.