విత్తనానికి తీసిన కంకులు

శంషాబాద్ బస్టాండు దగ్గర జొన్నరొట్టెలు కాలే వాసన వస్తే చాలు, ఇప్పటికీ నా కాళ్లు ఆగిపోతాయి. స్వరూప మేడం గుర్తొస్తారు. గగన్‌పహాడ్‌లోని ఒక మందుల గోదాములో ఆమె మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. శంషాబాద్ పక్క ఊరి రైతుబిడ్డ. మధ్యాహ్నం డబ్బా విప్పితే ఆ రొట్టెలే.

కొత్తలో నాకప్పగించిన పని, గోదాము నెట్‌వర్క్‌లోకి దొంగచాటుగా చొరబడేవాళ్లను పసిగట్టే ప్రోగ్రాముకు పాత రాకపోకల రికార్డులు చూపించి నేర్పడం. అన్నీ చూపిస్తే మూడు రోజులు పట్టేది. కొత్త రకం దొంగ బయటపడిన ప్రతిసారీ మళ్లీ మూడు రోజులు. ఒక్క పూటలో అయ్యేలా చేయకపోతే నన్ను పర్మినెంట్ చేయనని మేనేజరు తేల్చేశాడు. మైలార్‌దేవ్‌పల్లిలోని మా ఇంట్లో సంపాదించేది నేనొక్కడినే. అన్నం సయించేది కాదు.

ఆ గాభరాలో, లాటరీ తీసినట్టు పదింటికి ఒక రికార్డు ఉంచి మిగతావి తీసేశాను. పూటలో పని అయిపోయింది. ఉంచిన వాటితోనే పరీక్ష పెడితే నూటికి దాదాపు నూరు మార్కులు. ఎగురుకుంటూ వెళ్లి చూపించాను. మేడం మార్కుల వైపే చూడలేదు.

“వీటిల దొంగలు ఎందరు మిగిలిండ్రు, తమ్మీ?” అన్నారు.

వెతికాను. రోజుకు ఒకటి రెండు పాస్‌వర్డులు మాత్రమే ప్రయత్నిస్తూ నిదానంగా దూరేవాడి రికార్డులు మొదట్నుంచీ గుప్పెడే. ఇప్పుడు ఒక్కటీ లేదు. నాకొచ్చిన మార్కులన్నీ రోజూ వచ్చిపోయే మామూలు వాటివే. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

ఆమె రొట్టె తుంచుతూ చెప్పారు: “మా బాపు విత్తనానికని పంటంత దాస్తుండెనా? చేను నాలుగు దిక్కులు తిరిగి, ఏ రకంల ఆ రకం కంకులు ఏరుతుండె. తక్కువున్న రకమైతే ఒక్క కంకి గూడ ఇడవకపోతుండె.”

మర్నాడంతా పాత రికార్డులన్నీ మళ్లీ ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒకేలా ఉన్న రాకపోకలను కుప్పలు చేసి, కుప్పకు కొన్ని ఉంచాం. అరుదైనవి ఒక్కటీ పారేయలేదు. వాటిలో రెండింటిని మాత్రం పరీక్షకని వేరుగా దాచాం. ప్రోగ్రాము పూట తిరక్కుండానే నేర్చుకుంది. దాచిన రెండూ చూపిస్తే టక్కున పట్టేసింది. హమ్మయ్య అనుకున్నాను. నా పొరపాటు మేనేజరుకు చెబుతారేమోనని ఇంకా బిక్కుబిక్కుమంటూనే ఉన్నాను. ఆమె మాత్రం, “రెండు తీర్ల చూసినం సార్, రెండోది కుదిరింది” అన్నారంతే.

నెల తిరగకముందే, టీకాలుంచే చల్లగదుల కంప్యూటర్లోకి అచ్చం అలాంటివాడే నిదానంగా దూరబోయి దొరికిపోయాడు. నా ఉద్యోగం పర్మినెంట్ అయింది.

మేడం రిటైరయ్యారు. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు రికార్డులు ఎంత తగ్గించారో సంబరంగా చెబుతారు. నేనూ మార్కులు చూడను. దొంగలు ఎందరు మిగిలారని అడుగుతాను. ఎవరి ముఖమైనా పాలిపోతే, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. పైవాళ్లకు మాత్రం రెండు పద్ధతులు చూశామనే చెబుతాను.