మూడో వరుస

పందుల పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను దాణా అక్క అనే పిలుస్తారు. అక్కడ ఎదిగే పందిపిల్లలకు సోయా చెక్క తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి దాణాలో ఎదుగుదలకు కావలసిన లైసిన్ పొడి కలుపుతారు. మూడో వరుసకు మాత్రం కలపరు, పొడి లేకపోతే ఎంత వెనకబడతాయో చూడాలని. మొదటి రెండు వరుసలకూ దాణా పోశాక ఆమె మోచేతుల దాకా రుద్ది కడుక్కుంటుంది. కొంగుతో తుడుచుకోదు, పొడి అంటి ఉంటుందేమోనని. మూడో వరుసలో కడుపునిండా తిన్న పిల్లలు కూడా ఖాళీ తొట్టి అంచు కొరుకుతుంటాయి. చెవి మడతపడ్డ ఒకటి ఆమె ముంజేతిని నాకుతూ వదలదు. ఓ గుప్పెడు పొడి వేద్దామని మనసు లాగుతుంది. వెయ్యదు.

ఒకరోజు ఉండబట్టలేక, ఈ ప్రయోగం నడిపే పశువుల డాక్టరుగారి గదికి వెళ్లింది. "నన్ను వేరే షెడ్డుకి మార్చండి సార్. వాటి మొహం చూళ్లేకపోతున్నా."

"నువ్వే అలా అంటే ఎలాగమ్మా? ఇంకొకళ్లయితే జాలిపడి కలిపేస్తారు. నువ్వు కలపవు. తర్వాతి బ్యాచ్‌కి కూడా నువ్వే!" అన్నాడాయన, నిజంగానే మెచ్చుకుంటూ. ఆమె తలూపి వచ్చేసింది.

సాయంత్రం ఇంటికి చేరేసరికి, అదే కేంద్రంలో కాపలా కాసే భర్త గుమ్మంలో పక్కింటాయనతో మురిసిపోతున్నాడు. "మా ఆవిడ లేకపోతే ఆ షెడ్డే నడవదట! డాక్టరుగారే అన్నారు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. నవ్వకపోతే బాగుండదని, చెప్పులు విడుస్తూ నవ్వింది.