మా మామ అడగని మాట

పోయిన నెల నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతుంటే నా ముందు సీట్లో ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఊళ్లోకి వచ్చాక అహోబిలం దారి చీలే చోట బస్సు కాస్త నెమ్మదించింది. ఆయన గబగబా చెప్పులు విడిచి, కాళ్లు పైకెత్తి పెట్టుకుని, ఆ దారి వైపు తిరిగి దండం పెట్టాడు. పక్కనున్న భార్య, "ముందు చెప్పులేసుకో, దిగేటప్పుడు దొరకవు" అని కసిరింది. బస్సులో ఒకరిద్దరు నవ్వారు. నేనూ నవ్వబోయి, ఆగి కిటికీ వైపు తిరిగాను. మా మామ కూడా అక్కడ అట్లాగే చెప్పులు విడిచి దండం పెట్టేవాడట. నేను ఆ ఇంటికి కోడలిగా పోయేనాటికి ఆయన ఆ దండం మానేసి రెండేళ్లయింది.

ఆళ్లగడ్డలో మామది బట్టల అంగడి. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చేయి ఊరుకునేది కాదు. ఎదుటివాడి చొక్కా అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూసేది. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా నాయన పంచె అంచు కూడా పట్టి చూశాడు. మా నాయన ఆ కథ చచ్చేదాకా చెప్పుకుని నవ్వాడు. నాకేమో ప్రతి పండక్కీ పసుప్పచ్చ చీరే. "నీకు పసుపే బాగుంటాదమ్మా" అనేవాడు. అంగట్లో అమ్ముడుపోక మిగిలే రంగు అదేనని మా ఆయన నా చెవిలో చెప్పేవాడు. పొద్దున్నే అందరికంటే ముందు లేచి తొట్టి నింపి, కాఫీ కాచి, అత్త మంచం దగ్గరికి లోటా పట్టుకుపోయే మగవాణ్ణి నేను అంతవరకు చూడలేదు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. సాయంత్రం అంగడి నుంచి రాగానే ఆయనే నువ్వుల నూనె వెచ్చబెట్టి రాసేవాడు. ఆమె మాత్రం గోడ వైపు తిరిగి ఉండేది.

పెళ్లైన మర్నాడు తలస్నానం చేసి వచ్చి, దీపం ఎక్కడ పెట్టాలని అత్తనడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తలెత్తకుండానే, "ఈ ఇంట్లో దీపం పెట్టేది లేదు" అంది. వంటింటి పక్కన చిన్న తలుపు, దానికి తాళం. తాళంచెవి ఆమె నడుముకు వేలాడుతోంది. ఎందుకో అడిగే ధైర్యం లేక మా ఆయన కోసం చూశాను. రెండు రోజులకు ఆయన చెప్పాడు.

మామ నెలనెలా నరసింహస్వామి జన్మనక్షత్రమైన స్వాతి రోజున అహోబిలం పోయేవాడు. వానైనా ఎండైనా, అంగట్లో పెళ్లిళ్ల బేరాలున్నా ఆగేవాడు కాదు. ఒక నెల ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చింది. పెద్దకొడుకును పిలిచి, "నా బదులు నువ్వు పోయి టెంకాయ కొట్టి రా నాయనా" అన్నాడు. ఆ పిల్లవాడికి ఇరవై నాలుగేళ్లు. మోటార్ సైకిల్ మీద పోయాడు, దర్శనం చేసుకున్నాడు, తిరిగి వచ్చేటప్పుడు మలుపులో ఎదురుగా వచ్చిన ట్రాక్టర్ కింద పడ్డాడు. ప్రసాదం సంచి చిరగకుండా ఇంటికి చేరింది. దినాలన్నీ అయిపోయాక అత్త, "నీ సామికి నా కొడుకును ఇచ్చొచ్చినావు గదా, ఇంక ఆయప్పకు ఈడేం పని?" అని దేవుని గదికి తాళం వేసింది. ఆ రోజు నుంచి మామ నుదుట నామం లేదు, స్వాతి రోజున ప్రయాణం లేదు.

ఒకసారి అత్త పక్క వీధికి పోయినప్పుడు నేనే కదిలించాను. "మామా, నీకు సామి మీద కోపం రాలేదా?"

ఆయన కాఫీ లోటా కింద పెట్టాడు. "ఎందుకు రాదమ్మా? లేనోని మీద ఎవరికన్నా కోపమొస్తాదా? ఉండాడు గాబట్టే వచ్చింది. పోయింది గూడా."

"మరి గుడికన్నా పోవచ్చు గదా. అత్తకు తెలీకుండా."

"తెలీకుండా పోతే అది దొంగతనం. సామికి కోట్ల మంది ఉండారు. మీ అత్తకు ఎవరుండారమ్మా, నేను తప్ప?"

ఏటా పార్వేట ఉత్సవం రోజుల్లో నరసింహస్వామి పల్లకీ ఎక్కి మా చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. తన పెళ్లికి రమ్మని తానే ఇంటింటికీ వచ్చి పిలుస్తాడని మావాళ్ల నమ్మకం. ఒక ఏడు పల్లకీ మా వీధికి వచ్చిన మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. వీధంతా నీళ్లు చల్లి ముగ్గులేశారు. మా వాకిలి ఒక్కటే ఎండిపోయి ఉంది, తలుపు మూసి ఉంది. అత్త వంటింట్లో అనపకాయలు ఒలుస్తోంది. డప్పుల మోత దగ్గరవుతుంటే మామ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని తానూ ఒక గుప్పెడు కాయలు తీసుకున్నాడు. మోత సరిగ్గా మా తలుపు ముందుకు వచ్చి ఆగింది. పల్లకీ మోసే బోయీలు ఆయన్ని ఏళ్లుగా ఎరిగినవాళ్లు. ఎవరో "అన్నా" అని పిలిచారు కూడా. మామ చేతుల్లో కాయ అట్లాగే నిలిచిపోయింది. అత్త ఆయన ముఖం వైపే చూస్తోంది. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. కాసేపటికి డప్పులు మళ్లీ మొదలై ముందుకు కదిలిపోయాయి. ఆయన కాయ చీల్చి గింజలు చాటలో వేసి, "ఈ కాయలు ముదురుండాయి, ఉడికేతందుకు పొద్దు పడతాది" అన్నాడు. అత్త లేచి నీళ్ల తొట్టి దగ్గరికి పోయి చాలాసేపు ముఖం కడుక్కుంది.

ఆ గదికి తాళం పడి అట్లా పదిహేడేళ్లు గడిచాయి. కిడ్నీలు పాడయ్యాయని తెలిసేసరికే ఆలస్యమైంది. అప్పటికి మేము కాపురం నంద్యాలకు మార్చాం, అక్కడికే తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. వేళ్లు వాచిపోయి దుప్పటి అంచు కూడా పట్టుకోలేకపోయేవాడు. అత్త పక్క బల్ల మీదే పడుకునేది, తినమంటే తినేది కాదు. "మీ అత్త బీపీ మాత్ర యేసుకుందా?" అన్నదే ఆయన రోజూ అడిగిన ప్రశ్న. ఒక రోజు ఆమె కునుకు తీస్తున్నప్పుడు వంగి, "మామా, సామి పటం తెచ్చి దిండు కింద పెట్టేదా?" అని అడిగాను. ఆయన కళ్లు ఒక్క క్షణం వెలిగాయి. తర్వాత అత్త వైపు చూసి, వద్దన్నట్టు తల తిప్పాడు. "లేచి చూస్తే బాధపడతాది." ఇంకో మూడు రోజులకు, మధ్యాహ్నం నర్సు సెలైను మార్చి అటు తిరగ్గానే పోయాడు. ఆళ్లగడ్డకు తెచ్చి నడింట్లో పడుకోబెట్టాం. పదిహేడేళ్ల తర్వాత ఆ ఇంట్లో వెలిగిన మొదటి దీపం ఆయన తల దగ్గర పెట్టిందే.

కర్మలు ముగిసి చుట్టాలు వెళ్లిపోయాక అత్త నన్ను పిలిచింది. నడుముకున్న తాళంచెవి తీసి తానే తలుపు తెరిచింది. తాళం బిగుసుకుపోయి ఉంటే నేను కొబ్బరినూనె పోశాను. లోపల పటాలకు చెదలు పట్టాయి. కుందిలో నూనె జిడ్డుగా గడ్డకట్టి, దాంట్లో సగం కాలిన వత్తి ఇరుక్కుపోయి ఉంది. అత్త గడపలోనే కూలబడింది.

"ఒక్కసారి అడిగింటే తీసేదాన్ని" అంది. "పల్లకి వాకిట్లో నిలబడిన దినమన్నా అడుగుతాడనుకున్యా. నోరు తెరిస్తే చాలు, తీద్దామనే చూస్తాంటి. ఆయప్ప అడగల్యా. నాకై నేను తీసేదానికి నాకు మొండితనం."

దీపం పెట్టమంటావా అని అడిగాను. "ఇప్పుడెవరికి?" అంది. ఆసుపత్రిలో ఆయన తల తిప్పిన సంగతి ఆమెకు ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. మూడేళ్లకు ఆమె కూడా పోయింది.

ఆమె బాధపడుతుందని ఆయన, ఆయన అడుగుతాడని ఆమె, ఒకే కప్పు కింద అన్నేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ బతికారు. వాళ్లకు కావలసింది ఒక్క నిమిషం. పదిహేడేళ్లలో అది ఏ పూట దొరికి ఉండేదోనని నేను ఇప్పటికీ ఒక్కో రోజే తిప్పి చూసుకుంటూ ఉంటాను.