రష్యన్ల ఇంటికి డజను గులాబీలు
సౌదీ సర్కారు నితాఖత్ లెక్కల్లో మా కంపెనీ ఎరుపు రంగులో పడింది. అంటే పనిలో సౌదీలు తక్కువ, మాలాంటివాళ్లు ఎక్కువ. ఇక ఆ దేశంలో ఉండనిచ్చే మా ఇఖామాలు రెన్యూవల్ కావు. అల్ ఖోబర్‌లో ఏసీ మెకానిక్‌నైన నన్నూ, నా రూమ్మేట్ కడప డ్రైవర్‌నూ అప్పుడు ఆదుకున్నది ఒక రష్యన్ ఇంజనీరు. తనకు తెలిసిన ఆకుపచ్చ కంపెనీలో మాట్లాడి, ఇద్దరికీ కఫీల్‌ను, అంటే మా వీసాకు పూచీ ఉండే యజమానిని, మార్పించాడు.

థాంక్స్ చెప్పడానికి ఒక శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికి బయల్దేరాం. ఏం పట్టుకెళ్లాలో నేనే తేల్చాను. చిన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో తెలుగులోకి వచ్చిన రష్యా పుస్తకాలన్నీ నమిలేసినవాణ్ణి. ఆ దేశం గురించి మా రూములో నేను చెప్పిందే వేదం.

"పూలు కొనుక్కపోదాం తమ్మీ. ఆల్లకు పూలంటే పానం," అన్నాను. దర్జాగా డజను గులాబీలు కొన్నాం.

తలుపు తీసిన ఇంజనీరుకు గడప బయటినుంచే చెయ్యి చాచాను. ఆయన అందుకోలేదు. నా మొహం మాడిపోయింది. మరుక్షణం నా మణికట్టు పట్టుకుని లోపలికి లాగి, అప్పుడు చెయ్యి కలిపాడు. గడప మీదుగా చేతులు కలిపితే గొడవలొస్తాయట. ఈలోగా ఆయన భార్య పూలు లెక్కపెట్టి, ఒకటి తీసి పక్కన పెట్టింది. సరిసంఖ్యలో పూలు చనిపోయినవాళ్లకే పెడతారని నవ్వుతూ చెప్పింది.

డ్రైవర్ నావైపు తిరిగాడు. "రష్యా అంతా తెల్సంటివి గదన్నా?"

"పుస్తకాలల్ల గిది రాయలే," అని గొణిగాను.

పరువు దక్కించుకోవాలని, వచ్చీరాని ఇంగ్లిష్‌లో ఇంజనీరు సొంతూరి చరిత్ర అందుకున్నాను. ముందు సెయింట్ పీటర్స్‌బర్గ్, తర్వాత పెట్రోగ్రాడ్, ఆపైన లెనిన్‌గ్రాడ్, చివరికి మళ్లీ పాత పేరే. ఆయన ముచ్చటపడ్డాడు.

"మా అమ్మమ్మ మూడు ఊళ్లలో బతికింది. ఇల్లు మాత్రం ఒక్కసారీ మారలేదు," అన్నాడు.

నేను తెలుగులో చెప్పగానే డ్రైవర్ తలూపాడు. "మనదీ అంతేలేన్నా. అదే రూము, అదే మంచం. కఫీలొక్కడే మారినాడు."

ఆ మాట ఇంగ్లిష్‌లో చెబితే ఇంజనీరు కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

తర్వాత టీ వచ్చింది. పాలు లేవు, పక్కన గిన్నెలో చెర్రీ జామ్ ఉంది. డ్రైవర్ మూడు చెంచాల జామ్ గ్లాసులో వేసి గిరగిరా తిప్పాడు. నేను ఈసారి నోరు మూసుకుని ఆవిడ ఏం చేస్తుందో చూశాను. ఆవిడ జామ్ నోట్లో పెట్టుకుని, దాని మీద టీ గుక్క తాగింది. నేనూ అలాగే తాగాను.

"బాగుందా?" అని ఆవిడ డ్రైవర్‌ను అడిగింది. అతను గంభీరంగా తలూపి, ఖాళీ గ్లాసు ముందుకు జరిపాడు.