పెద్దమ్మను చల్లబరిచిన ట్రంకు కాల్

బతికున్న మనిషిని నేను ట్రంకు కాల్లో చంపేశాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ సగం నవ్వే వస్తుంది.

ఎనభైల మొదట్లో మదనపల్లెలో ఫ్రిజ్జులు బాగుచేసేవాణ్ణి. ఏసీల విషయంలో జిల్లాలో ఎవరైనా నా తర్వాతే అని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికీ లేదు. ఆ రోజుల్లో పుంగనూరు రైతు చెంగప్ప, షూటింగు వాళ్ళు వదిలించుకున్న ఒక వ్యాను కొన్నాడు. లోపల మంచం, స్టవ్వు, నెత్తిన ఏసీ, వెనక దానికో జనరేటరు. ఇంటికే చక్రాలు బిగించారనుకోండి.

ఊళ్ళు తిరగాలని సరదాపడి కొన్నాడు గానీ, ఇంతలో వాళ్ళమ్మకు గుండె జబ్బు ముదిరింది. ఎండలో కదిలించవద్దన్నాడు డాక్టరు. ఆమెను నేనూ పెద్దమ్మా అనే పిలిచేవాణ్ణి. పెద్దమ్మకేమో పోయేలోగా కుప్పంలో ఉన్న చెల్లెల్ని చూడాలని ఒకటే కోరిక. ఒక ఆవుదూడ ఎవరిదన్న తగాదాలో ఆ ఇద్దరికీ పదేళ్ళుగా మాటల్లేవు. "నేను ఆ గడప తొక్కను. కావాలంటే తననే రమ్మనండి" అందట చెల్లెలు.

ఆ పాత ఏసీకి రెండుసార్లు గ్యాసు నింపాను. రెండుసార్లూ వారం తిరక్కముందే కారిపోయింది.

"ఇంగ దీన్ని మార్చాల్సిందేనన్నా" అన్నాను.

"అయితే పెద్దది పెట్టప్పా. అమ్మకు సల్లంగుండాల."

"పెద్దదైతే జనరేటరు లాగలేదన్నా. ముప్పాతిక టన్నుది సాలు."

నా బతుకులో నేను చెప్పిన తెలివైన మాట అదొక్కటే.

బెంగుళూరు నుంచి కొత్తది తెచ్చి బిగించాను. పెద్దమ్మను లోపల పడుకోబెట్టి చూశాం. "హాయిగా ఉండాది నాయనా" అని కళ్ళు మూసుకుంది. చెంగప్ప పొంగిపోయి, "నువ్వు పోస్టాఫీసుకు పోయి కుప్పానికి ఫోన్ చెయ్యప్పా. వస్తాండామని చెప్పు" అన్నాడు.

అవతల ఫోను ఎత్తింది చెల్లెలి కొడుకు మునెప్ప. లైన్లో గరగర. గొంతు చించుకున్నాను.

"పెద్దమ్మ సంగతప్పా!"

"ఎట్లుండాది?"

"పొద్దున దాంకా ఒకటే ఉడుకు. ఇప్పుడు సల్లబడింది!"

"అయ్యో! ఎప్పుడు?"

"అర్ధగంటయ్యింది. నేనే దగ్గరుండి చేసినాను! వ్యాన్లో పండబెట్టినాం. ఎండ తగ్గినాక బండి ఎత్తేస్తాం!"

ఇందులో 'బండి' అన్న మాటను లైను మింగేసింది. అవతల ఏడుపు వినిపించింది. పదేళ్ళ తర్వాత కలుసుకోబోతున్నారు కదా, ఆనందం పట్టలేక ఏడుస్తున్నారనుకున్నాను.

మూడు గంటలకు చెల్లెలు టాక్సీ దిగింది, చేతిలో పూలదండతో. వ్యాన్లో గడ్డం దాకా దుప్పటి కప్పుకుని, కళ్ళు మూసుకుని అక్క. వెళ్ళి పాదాలు పట్టుకుంది. నా ఏసీ పుణ్యమా అని అవి మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అక్కా! ఆ దూడ నీదే అక్కా! పాలకు ఆశపడి నేనే అబద్ధం చెప్పినాను. నా నోరు పడిపోనూ! అమ్మ పోతే నన్ను సాకింది నువ్వే కదక్కా!"

దూడ అయ్యింది, చిన్నతనం అయ్యింది, పెళ్ళికి అక్క ఇచ్చిన కమ్మలు అయ్యాయి. పావుగంట తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఆమె ఆగింది. దుప్పటిలోంచి గొంతు వచ్చింది.

"ఇంగా చెప్పు."

చెల్లెలు దండతో సహా కూలబడింది. చెంగప్ప నా వైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. అక్కాచెల్లెళ్ళు మాత్రం ఒకరినొకరు తిట్టుకుంటూ, ఏడుస్తూ పొద్దుగూకేదాకా ఆ వ్యాన్లోనే ఉన్నారు. ఇక కుప్పం ప్రయాణంతో పనిలేకపోయింది.

వానాకాలంలో పెద్దమ్మ నిజంగానే పోయింది. చెల్లెలు వచ్చి పాదాలు పట్టుకుంది. ఏడవలేదు. తలెత్తి జనంలో నన్ను వెతికి, "ఆ మిషను ఆపప్పా" అంది.

"మిషనేం లేదమ్మా" అన్నాను.

అందుచేత, నా స్పానర్ల పెట్టె మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఫోన్లో ఎవరు అడిగినా ఏసీ నడుస్తున్నదంటాను. చల్లబడిందని మాత్రం చచ్చినా అనను.