నాన్న పెట్టబోయిన తొక్కు

హైదరాబాద్‌లో తక్కువలో మంచి భోజనం ఎక్కడని అడిగితే అందరూ చెప్పే నాలుగైదు పేర్లలో మా ఆఫీసు వీధిలోని మెస్సు ఒకటి. నేను మాత్రం చెప్పను. పప్పు బాగుంటుంది, అన్నం పొగలు కక్కుతూ వస్తుంది, అన్నీ నిజమే. అయినా ఆ బోర్డు చూస్తే ఈనాటికీ నాకు ఒళ్లు మండుతుంది.

రెండు వేల ఆరులోనో ఏడులోనో నాన్నను ఛాతీ జబ్బుకు ఇక్కడి ఆసుపత్రిలో చూపించాను. అంటుకునే రోగం కాదన్నాడు డాక్టరు. ఆపరేషన్ చేయాలంటే ముందు ఒంట్లో బలం రావాలి, తినిపించండి అన్నాడు. ఆ తినడమే గగనమైపోయింది. మందులకు నోరు చేదై, ఏం వండి పెట్టినా నాన్న ముద్ద మింగలేక లేచిపోయేవాడు. ఒకరోజు ఆసుపత్రి నుంచి వస్తూ తనే అన్నాడు, "బిడ్డా, యాడన్న హోటల్ల తిందామా? నలుగురిల కూసుంటె నాలుగు ముద్దలు పోతయేమో." నా సంతోషం ఇంతా అంతా కాదు. ఆ మెస్సుకే తీసుకెళ్లాను.

నాన్నది పాల్వంచలో షిఫ్టు డ్యూటీ. అక్కడ ఫ్యాక్టరీ గేటు ఎదుటి హోటల్లో ఎక్కడ కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుంటారు. ఇంటి డబ్బా మూత తీస్తే మొదటి చెంచా ఎదుటివాడి పళ్లెంలో పడాల్సిందే. అతనెవరని ఎవరూ అడగరు.

ఇక్కడ మా ఎదుట మెడలో ఐడీ కార్డు వేసుకున్న కుర్రాడు తింటున్నాడు. నాన్న కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. అమ్మ పంపిన గోంగూర తొక్కు డబ్బా తీసి, "తిను బిడ్డా, ఇంటిదే" అంటూ ఒక చెంచా అతనికి వేయబోయాడు.

కుర్రాడు పళ్లెం చటుక్కున వెనక్కి లాక్కుని మేనేజరును పిలిచాడు. మేనేజరు హాలంతా వినబడేలా, "ఏం పెద్దాయనా, బయటి తిండి తెచ్చి మా కస్టమర్లకు పెడతావా? ఆయనకేమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు.

"వద్దంటే సరిపోయేది కదా. పెద్దమనిషితో మాట్లాడే తీరు ఇదేనా?" అని గట్టిగానే అడిగాను. చుట్టుపక్కలవాళ్లు ఒకసారి చూసి మళ్లీ సాంబారు కలుపుకున్నారు. తొక్కు వద్దనడం తప్పని నేననను. కానీ ప్రేమగా చాపిన చేతిని చూసి అంత అసహ్యమెందుకు? నాన్న ఒక్క ముద్దైనా తినకుండానే చెయ్యి కడుక్కున్నాడు.

బయటికొచ్చాక మెల్లగా అడిగాడు, "నాది అంటుకునే రోగమే కదా బిడ్డా? డాక్టరు నీకు చెప్పిండు. నువ్వే నాకు చెప్తలేవు."

"కాదు నాయినా, ఈడోళ్లు గట్లనే ఉంటరు."

"అవ్" అన్నాడు. నమ్మలేదు.

సాయంత్రం బతిమాలి అన్నం ముందు కూర్చోబెట్టాను. నా కూతురికి అప్పుడు రెండేళ్లు. తాత పక్కన చేరి ఆయన పళ్లెంలో చెయ్యి పెట్టబోయింది. నాన్న పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.