బస్సులో పరిచయం

నాకు క్రేన్ నేర్పినాయన మా ఊరాయనే. బాబాయ్ అని పిలిచేవాణ్ణి. చుట్టరికమేమీ లేదు, ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్లం. చదువు ఐదో తరగతితోనే ఆగిపోయినా, పడవ ఇంజన్ల దగ్గర్నుంచి వంతెన గడ్డర్ల దాకా ఆయన ఎత్తని బరువు లేదు. లివరు మీద నా చెయ్యి పెట్టించి, దానిమీద తన చెయ్యి వేసి, రెండేళ్లు ఓపిగ్గా నేర్పారు.

అమలాపురం దగ్గర గోదావరి పాయమీద వంతెన పనిలో ఇద్దరం ఉండగా, లైసెన్స్ లేనివాళ్లు ఇక క్రేన్ ఎక్కకూడదన్నారు. పరీక్ష కాకినాడలో. పొద్దున్నే బస్సెక్కాం. పిన్ని ఇద్దరికీ ఒకే డబ్బాలో పులిహోర పెట్టి పంపింది.

ముందు క్రేన్ నడిపి చూపించాలి. బాబాయ్ సిమెంటు దిమ్మని ఎత్తి, నేలమీద సున్నంతో గీసిన గుండ్రంలోకి ఊగనివ్వకుండా దింపారు. పరీక్ష పెట్టే అధికారి మెచ్చుకోలుగా తలూపాడు. నేను దింపింది గీత మీద పడింది. ఎలాగో గట్టెక్కాను.

తర్వాత రాతపరీక్ష. ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో. బాబాయ్ కాగితం కాసేపు అటూ ఇటూ తిప్పి లేచి నిలబడ్డారు.

"అయ్యా, నాకు ఇంగ్లీషు రాదండి. ఆ అబ్బాయి మావాడేనండి. ప్రశ్న చదివి తెలుగులో చెబుతాడు. జవాబు నేనే చెబుతానండి."

కాపీ కొట్టినవాణ్ణీ, చూపించినవాణ్ణీ ఇద్దర్నీ పంపించేస్తానని ఆ అధికారి అంతకుముందే హెచ్చరించాడు. ఇప్పుడు నావైపు తిరిగి, "ఈయన నీకేమవుతారు?" అని అడిగాడు.

"ఏమీ అవరండి. బస్సులో పరిచయం, అంతే."

బాబాయ్ నాకేసి చూశారు. ఆ చూపులో కోపం కూడా లేదు.

"ఆయ్, నేనే పొరబడ్డానండి," అని కూర్చున్నారు.

చదవలేనివాళ్లకి ఇంకొకరు చదివి చెప్పడం అక్కడ మామూలేనని తర్వాత తెలిసింది.

నేను పాసయ్యాను. ఆయన తప్పారు. తిరుగు బస్సులో డబ్బా మూత తీసి నా ఒళ్లో పెట్టారు. "తినరా, పొద్దుణ్ణించీ ఏం తిన్లేదు." తిన్నాను. ఎలా తిన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ వారం నుంచే ఆయన క్రేన్ మీద నేను, కింద నిలబడి నాకు చేత్తో సైగలు చేస్తూ ఆయన. పైనుంచి చూస్తే హెల్మెట్ కింద ఆయన మొహం కనిపించేది కాదు. అదే మేలనుకునేవాణ్ణి.

మూడు నెలలకి, భోజనాల వేళ, ధైర్యం చేసి నోరు విప్పాను.

"బాబాయ్, ఆరోజు నేనన్న మాట..."

"మీ పిన్నికి చెప్పలేదులే. ఎప్పట్లా ఇంటికి రా."

"మళ్లీ పరీక్షకి వెళ్దాం. నేనే చదువుతాను. మీరు నాకేమవుతారో ఆయనకి చెబుతాను."

"వద్దురా. అప్పుడు అబద్ధమాడేవని నీ లైసెన్స్ మీదకొస్తాది. మా కోడలు చదువుతాదిలే."

ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది ఊరట. ఏడుపు రాలేదు, ఆయన కాళ్లమీద పడాలనిపించలేదు. హమ్మయ్య అనిపించింది. అది నా మొహంలో ఆయనకి కనిపించే ఉంటుంది. చెయ్యి కడుక్కోవడానికి లేచి వెళ్లిపోయారు.

బడిలో టీచరుగా చేస్తున్న కోడల్ని వెంటబెట్టుకెళ్లి, ఆ తర్వాతి పరీక్షలో ఆయన పాసయ్యారు. ఐ.పోలవరం వైపు వేరే పనిలో క్రేన్ ఎక్కారు. ఆ కబురు నాకు సైటు మేస్త్రి చెబితే తెలిసింది. వాళ్లింటికి నేను ఇంకా వెళ్లలేదు.